ఆరు పాయింట్ల ఇల్లు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. కార్యాలయాల సంగతి వేరు. అక్కడ అడిగినవాడికే పెడతారు, కాకపోతే పెట్టేది అన్నం కాదు. ఈ తేడా తెలియక నల్లగుంటపాలెం లైన్‌మన్ మాల్యాద్రి, తన దోవన తాను పోయే మోటార్ సైకిల్‌ని కొంప చేసుకున్నాడు.

మాల్యాద్రి చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. ముప్ఫై మూడేళ్లుగా స్తంభాలెక్కుతున్నాడు. పదకొండు వేల వోల్టుల లైన్ల మీద పనిచేసి పది వేళ్లూ భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాడు. దాని రహస్యం ఒక కాగితం. లైనులో కరెంటు ఆపేశాం, ఎక్కి పని చేసుకోవచ్చు అని సబ్‌స్టేషన్ వాళ్లు ఇచ్చే 'లైన్ క్లియర్', వాళ్ల భాషలో ఎల్సీ. అది చేతికి రానిదే పైవాడు తిట్టినా, ఊరంతా చీకట్లో కూర్చుని శాపనార్థాలు పెట్టినా మాల్యాద్రి కాలు స్తంభం ఎక్కదు. కాగితం లేకుండా ఎక్కినవాళ్ల ఫోటోలకు దండలు వేసి వచ్చినవాడు మరి.

అతని భార్య వెంగమ్మకు జన్మకో కోరిక అన్నట్టు ఒకే కోరిక. కన్యాకుమారి చూడాలి.

"మూడు సముద్రాలు ఒకచోట కలుస్తాయంటయ్యా. ఇద్దరు తోడికోడళ్లు కలవని లోకంలో మూడు సముద్రాలు ఎట్టా కలుస్తయ్యో నా కళ్లతో చూడాల" అనేది.

ముప్ఫై ఏళ్లలో ఆరుసార్లు బయల్దేరబోయారు. ఆరుసార్లూ గాలో వానో వచ్చి లైన్లు తెగాయి, మాల్యాద్రి సెలవూ తెగింది. ఏడోసారి తెలివిగా మాఘమాసంలో పెట్టాడు. ఆకు కదలని రోజులు. పన్నెండు రోజుల సెలవు మంజూరైంది. ఇంకో ఏడాదికి రిటైరవుతాడు, వెంగమ్మకు మోకాళ్లు అప్పుడే మొరాయిస్తున్నాయి. ఇప్పుడు పోకపోతే ఇక పోలేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు. రైల్లో అయితే దారి చూడలేమని, దూరప్రయాణాలకు పనికొచ్చే పెద్ద బండి కొన్నాడు.

దానికి కావలసినవన్నీ తనే అమర్చాడు. మంచు పడితే దారి కనపడేందుకు ముందు రెండు లైట్లు, లారీవాడికి వినపడే హారన్ ఒకటి, ఫోన్‌కు చార్జింగ్ పాయింటు, టైర్లకు గాలికొట్టే చిన్న పంపు తగిలించుకునే సాకెట్, వెంగమ్మ వక్కాకు వెతుక్కునేందుకు వెనక సీటు దగ్గర బుల్లి దీపం. వెరసి ఆరు. ఆ పని చూస్తే ముచ్చటేసేది. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు. లైట్లకూ హారన్‌కూ విడివిడిగా రిలే. తాళం తీస్తే అన్నీ ఆరిపోయేట్టు కనెక్షను. ట్యాంకు కింద వేడి తగలకుండా, ఒరుసుకోకుండా తీగలకు తొడుగు వేసి, హ్యాండిల్ ఇటు చివరికీ అటు చివరికీ తిప్పి ఎక్కడా బిగుసుకోవడం లేదని చూసుకుని, అప్పుడు టేపు చుట్టాడు. స్విచ్ వేస్తే ఆరూ వెలిగాయి, మోగాయి. వెంగమ్మ తన బుల్లి దీపం పదిసార్లు ఆర్పి వెలిగించింది.

అక్కడితో బయల్దేరి ఉంటే బాగుండేది. కానీ మాల్యాద్రికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏదో మరిచినట్టుంది. తెల్లవారాక తట్టింది. ఎల్సీ తీసుకోలేదు.

"బండికి ఎల్సీ ఏందయ్యా, నీ మొహం!" అంది వెంగమ్మ.

"కరెంటు పని కదే. అడిగితే పోయేదేముంది? పదింటికి పోయి పదకొండింటికి వచ్చేస్తా" అన్నాడు మాల్యాద్రి.

ఊళ్లో వాహన విద్యుత్ అనుబంధాల నియంత్రణ కార్యాలయం అని ఒకటుంది. పుట్టి ఎనిమిది నెలలు. ఎక్కడో ఎవరో పెద్దమనిషి వ్యానులో ఫ్రిజ్జూ, టీవీ, ఏసీ పెట్టుకుని అందులోనే కాపురముంటూ ఇంటి పన్ను ఎగ్గొట్టాడట. పైవాళ్లకు ఒళ్లు మండి ఒక ఉత్తర్వు తీశారు. తయారైననాడు లేని విద్యుత్ పాయింట్లు ఆరుగాని, ఆరుకు మించిగాని ఏ వాహనానికి అమర్చినా అది ఇకమీదట వాహనం కాదు, నివాస గృహం. రాసినాయన మనసులో వ్యాను ఉంది, కాగితం మీద పెట్టడం మరిచాడు. ఎనిమిది నెలలుగా ఆ గడప ఒక్క మనిషి తొక్కలేదు. ఇంకో నెల ఇలాగే గడిస్తే కార్యాలయం ఎత్తేస్తారని పుకారు. అందుకని మాల్యాద్రి లోపలికి రాగానే కొత్తల్లుడు వచ్చినంత సంబరపడి, ఫ్యాను కింద కుర్చీ వేశారు.

పర్యవేక్షణాధికారి చిదంబరేశ్వరరావు స్వయంగా బయటికి వచ్చి బండి చుట్టూ ప్రదక్షిణం చేశాడు. పాయింట్లు వేలితో లెక్కపెట్టాడు. ఆరోదాని దగ్గర మొహం విప్పారింది.

"మాల్యాద్రిగారూ, శుభం. తమరు నడుపుకొచ్చింది వాహనం కాదు. గృహం."

"బండి సార్ ఇది" అన్నాడు మాల్యాద్రి.

"తమరి దృష్టిలో. నిబంధన దృష్టిలో సదరు కట్టడం ఒక నివాసం. మీరు ఇంటిని నడుపుకుంటూ ప్రజారహదారి మీద వచ్చారు. ఇది తీవ్రమైన విషయమే. అయితే తెలియక చేసినదిగా పరిగణించి, క్రమబద్ధీకరణకు అవకాశం కల్పించడమైనది."

తెలియక చేసినవాణ్ని క్షమించడం గొప్ప గుణం. ఆ గొప్ప గుణంతో ఆయన పద్నాలుగు పేజీల దరఖాస్తు చేతిలో పెట్టాడు. పదకొండింటికి వస్తానన్న మాల్యాద్రి సాయంత్రం అయిదున్నరకు బండిని తోసుకుంటూ ఇల్లు చేరాడు. క్రమబద్ధీకరణ అయ్యేదాకా ఇంటిని నడపకూడదు, తోయవచ్చునట.

మర్నాడు క్షేత్ర పరిశీలకుడు భానుమూర్తి కొలత టేపు పట్టుకుని, మాల్యాద్రి ఉంటున్న ప్రభుత్వ క్వార్టరు ముందున్న ఖాళీ జాగాకు వచ్చాడు. దరఖాస్తులో ఖాళీలు పూర్తి చేయడం ఆయన పని.

"గదులెన్ని?"

"గదులేంది సార్, సీటు."

"ఒకటి, పొడుగాటిది" అని రాసుకున్నాడు. "సింహద్వారం ఏ దిక్కు?"

"హ్యాండిల్ ఎటు తిప్పితే అటు సార్."

భానుమూర్తి పెన్ను ఆగింది. ఎనిమిది దిక్కులకూ చూశాడు. చివరికి స్టాండు వేసినప్పుడు ముందు చక్రం చూసే దిక్కునే సింహద్వారంగా నిర్ణయించి, దాన్ని తూర్పుకు తిప్పించాడు. ఇంటికి నాలుగు వైపులా మూడడుగుల ఖాళీ విడవాలని ముగ్గుపిండితో గీతలు గీశాడు. ముందు మడ్‌గార్డు మీద 7-214/బి అని డోరు నంబరు రాయించాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "అవునూ, ఎర్తింగ్ ఏదీ?" అన్నాడు.

మాల్యాద్రికి ఎర్తింగ్ అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. కరెంటున్న ప్రతి ఇంటికీ నేలలో గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ పోసి, కడ్డీ పాతి, దాన్నుంచి తీగ లాగాలి. ఎన్ని ఇళ్లకు తనే దగ్గరుండి చేయించాడో. కానీ ఇది పన్నెండు వోల్టుల బ్యాటరీ. ముట్టుకుంటే చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

పరుగున చిదంబరేశ్వరరావు దగ్గరికి పోయాడు. "సార్, బండిని తీగేసి నేలకు కట్టేస్తే కదిలేదెట్టా?"

ఆయన చిరునవ్వు నవ్వాడు. "నిబంధన క్షుణ్ణంగా చదవండి. ఎర్త్ తీగ మందం ఎంతుండాలో ఉంది. పొడవు ఎంతుండాలో లేదు. తమరు ఎంత దూరం పోదలచుకుంటే అంత పొడవు తీగ పెట్టుకోవచ్చు. ప్రభుత్వం పౌరుల స్వేచ్ఛకు ఎన్నడూ అడ్డు రాదు."

"కన్యాకుమారి పోవాలి సార్. తొమ్మిది వందల కిలోమీటర్లు."

"అయితే తొమ్మిది వందల కిలోమీటర్ల తీగకు అర్జీ పెట్టుకోండి. నేను సిఫారసు చేస్తాను."

చేశాడు కూడా. ఎంత మర్యాదస్తుడంటే, మలుపుల్లో తీగ చాలకపోతుందేమోనని ఇంకో పది కిలోమీటర్లు తన చేత్తో కలిపాడు.

గొయ్యి తీయడానికి రెండు రోజులు పట్టింది. నాలుగో రోజు సాయంత్రానికి మాల్యాద్రి బండి, గుంజకు కట్టేసిన గేదెలాగా, అర్జీ పెట్టిన తీగ వచ్చేదాకా పన్నెండడుగుల తీగతో నేలకు ముడిపడి నిలబడింది. సంచులు సర్దిపెట్టుకున్న వెంగమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది.

"ఆరు ఉంటేనే కదా ఇల్లు? అయిదైతే బండే కదా?" అంది ఉన్నట్టుండి.

మాల్యాద్రి ఆమె మొహంలోకి చూశాడు. ముప్ఫై మూడేళ్ల సర్వీసులో తనకు తట్టని ఆలోచన. వెంటనే స్క్రూడ్రైవర్ తెచ్చాడు. ఏది తీయాలన్న ప్రశ్న వచ్చింది. వెంగమ్మే తన బుల్లి దీపం చూపించి, "తీసెయ్యయ్యా. వక్కాకు చీకట్లో అయినా దొరుకుద్ది" అంది. అతను బాధపడుతూనే ఊడదీశాడు.

అయిదో రోజు పొద్దున్నే నోటీసు వచ్చింది. సదరు గృహమునందు ఆరింట ఒక వంతు భాగమును ముందస్తు అనుమతి లేక కూల్చివేసినట్లు మా దృష్టికి వచ్చినది. కూల్చివేతకు ముందు ఇంట్లో మనుషులు, పశువులు, వృద్ధులు ఎవరూ లేరని ధ్రువీకరించుకున్నారా? శిథిలాలను ఎక్కడ పారబోశారు? మూడు రోజుల్లో యథాతథంగా పునర్నిర్మించని యెడల గృహము స్వాధీనము చేసుకొనబడును.

శిథిలాలు మాల్యాద్రి చొక్కా జేబులో ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే వాటిని మళ్లీ బిగించి, పునర్నిర్మాణం పూర్తయిందని రాసిచ్చాడు. దాన్ని భానుమూర్తి వచ్చి చూడటానికి ఆరో రోజు కూడా అయిపోయింది.

సెలవు సగం కరిగింది. మాల్యాద్రి చిదంబరేశ్వరరావు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, ఇంకేం మిగిలింది?"

"ఒక్కటే. నివాసయోగ్యతా పత్రం. అది రావాలంటే గృహప్రవేశం జరిగిన దాఖలా కావాలి. పాలు పొంగిన ఫోటో ఒకటి, ఆవు ప్రవేశించిన ఫోటో ఒకటి. రెండు ప్రతులు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు మాల్యాద్రికి. రేపే ముహూర్తం ఉందని మాత్రం తెలిసింది. మాఘమాసం కదా, ముహూర్తాలకు కొదవలేదు.

ఏడో రోజు పొద్దున వచ్చిన పురోహితుడు అనుభవజ్ఞుడు. అపార్ట్‌మెంట్ల ఏడో అంతస్తుకు ఆవును లిఫ్టులో ఎక్కించిన చెయ్యి. ఆయన కూడా బండిని చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ముందు చక్రానికి పసుపు రాసి మామిడాకులు కట్టాడు. వెంగమ్మ సైలెన్సర్ పక్కన పొయ్యి పెట్టి పాలు పొంగించింది. ఇక ఆవు. ఆవును ఇంట్లోకి తోలాలి. ముగ్గు గీతలు దాటించారు గానీ ఆపైన ఎటు తోలాలో ఎవరికీ తెలియలేదు. ఆవు తనంతట తనే ముందుకొచ్చి, సీటు మీద గడ్డం ఆనించి, నెమరు వేసింది. భానుమూర్తి ఫోటో తీసి, కింద ఇలా రాశాడు: శిరస్సు ప్రవేశించినది. మిగతా భాగము ప్రవేశించినట్లు భావించడమైనది.

చుట్టుపక్కలవాళ్లు వచ్చి కానుకలు చదివించి, పులిహోర తిని పోయారు. ఒకావిడ గోడగడియారం తెచ్చింది. దాన్ని ఎక్కడ తగిలించాలో ఎవరూ అడగలేదు.

ఎనిమిదో రోజు పత్రం వచ్చింది. చిదంబరేశ్వరరావే చేతికిచ్చి, ఫోటో దిగి, ఇది రాష్ట్రానికే ఆదర్శమని నాలుగు మాటలు చెప్పి వెళ్లాడు. కార్యాలయం ఎత్తేసే గండం ఆ ఫోటోతో గట్టెక్కింది. మాల్యాద్రి కళ్లజోడు పెట్టుకుని పత్రం చదివాడు. మొదటి పేజీలో డోరు నంబరు 7-214/బి గల గృహమునకు శ్రీ మాల్యాద్రి యజమాని అని ఉంది. రెండో పేజీలో, యజమాని దంపతులు తక్షణమే సదరు గృహమునందు నివాసముండవలెను, లేనిచో గృహము జప్తు, ఎప్పుడైనను ఆకస్మిక తనిఖీ జరుగును అని ఉంది. మూడో పేజీ అతని డిపార్టుమెంటు వాళ్లకు పంపిన నకలు. సదరు ఉద్యోగికి ఇదే ఊళ్లో సొంత ఇల్లు ఏర్పడినందున ప్రభుత్వ క్వార్టరును నేటి సాయంత్రములోగా ఖాళీ చేయించవలసినది.

పందొమ్మిదేళ్లు ఉన్న క్వార్టరు. వెంగమ్మ వేసిన కరివేపాకు చెట్టు కప్పును దాటి పెరిగింది. సాయంత్రానికి సామాను పక్కింటి వాళ్ల వసారాలోకి చేరింది, క్వార్టరు తలుపుకు డిపార్టుమెంటు తాళం పడింది. వెంగమ్మకు ఏడుపొచ్చింది. కాసేపు దాచుకోకుండా ఏడ్చింది. మాల్యాద్రి పక్కన కూర్చుని, "నావల్లే వెంగా. అడగకుండా ఉండాల్సింది. నా పాడు అలవాటు" అన్నాడు.

వెంగమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ కాగితం ఇంకోసారి చదువు. రెండో పేజీ."

చదివాడు.

"ఇంట్లో ఉండమన్నారా?"

"ఉండమన్నారు."

"ఇల్లు ఊళ్లోనే ఉండాలని ఉందా?"

మాల్యాద్రి మళ్లీ చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. వెలుతురుకు పట్టి చూశాడు. ఎనిమిది పేరాలూ, పన్నెండు షరతులూ ఉన్నాయి గానీ ఆ మాట ఎక్కడా లేదు. ఇల్లు కదలకూడదని రాయాలని ఇంతవరకు ఏ సర్కారుకూ తోచలేదు.

"లేదు" అన్నాడు.

"అయితే ఇంట్లో ఉందాం, పద. ఎక్కడుంటే ఏం?" అని లేచి, సంచులు బండికి కట్టడం మొదలుపెట్టింది.

"ఎర్తు?" అన్నాడు మాల్యాద్రి నీరసంగా. అన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. పెట్టిన ఎర్తు తెంపడమంటే అతనికి పాపంతో సమానం.

"నీ కటింగ్ ప్లేయర్ ఇటియ్యి. నువ్వు అటు తిరుగు."

అతను అటు తిరిగాడు. వెనక టక్కుమని చప్పుడైంది. ఆ తర్వాత మాల్యాద్రి చేసిందల్లా ఆ పత్రాన్ని మడిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గుండె దగ్గర జేబులో పెట్టుకోవడమే. కాగితం చేతిలో ఉంటే అతనికి కొండంత ధైర్యం. బండెక్కి ఒక్క కిక్కుకే స్టార్టు చేశాడు. ఆరు పాయింట్లూ పనిచేస్తున్నాయి.

పదో రోజు మధ్యాహ్నానికి కన్యాకుమారి చేరారు. దారి పొడుగునా వెంగమ్మ మాట్లాడుతూనే ఉంది. సముద్రం కనపడగానే చెప్పులు బండి దగ్గరే వదిలేసింది. చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, మోకాళ్ల నొప్పి సంగతి మరిచి నీళ్లలోకి దిగింది. ఒక వైపు నీలం, ఒక వైపు పచ్చన, ఎదురుగా ఇంకేదో రంగు. ఎక్కడ ఏది ముగిసిందో తెలియలేదు. చాలాసేపటికి, "కలిశాయయ్యా, నిజంగానే" అంది. మాల్యాద్రి ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ల భారం దిగినట్టుంది అతనికి.

అప్పుడే ఫోను మోగింది. భానుమూర్తి.

"మాల్యాద్రిగారూ, ఆకస్మిక తనిఖీకి వచ్చాను. తమరు ప్రస్తుతం ఇంట్లో ఉన్నారా?"

మాల్యాద్రి వెనక్కి చూశాడు. బండి పదడుగుల దూరంలో ఉంది. వెళ్లి దాని మీద కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగి అబద్ధం ఆడినవాడు కాదు.

"ఇంట్లోనే ఉన్నా సార్."

"నేను మీ ఇంటి జాగాలో నిలబడి మాట్లాడుతున్నాను. ముగ్గు గీతలున్నాయి. ఎర్తు గొయ్యి ఉంది. ఇల్లు లేదు!"

"ఇల్లు నా కిందే ఉంది సార్."

అవతల భానుమూర్తి కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. యజమాని ఇంట్లో లేకపోతే ఏం రాయాలో ఆయన ఫారంలో ఉంది. ఇల్లే ఇంట్లో లేకపోతే ఏం రాయాలో లేదు.

"మరి నేనిప్పుడు తలుపు ఎక్కడ తట్టాలండీ?" అన్నాడు ఏడుపు గొంతుతో.

వెంగమ్మ తడికాళ్లతో వచ్చి ఫోను అందుకుంది. "కన్యాకుమారి రా నాయనా. తలుపు తీసే ఉంది" అని పెట్టేసింది. ఆనక మొగుడివైపు తిరిగి, "లే, లే. ఇల్లు ఎండలో ఉంది. సీటు కాలిపోద్ది. నీడకు జరుపు" అంది.